ఎర్ర పేక

ఉమ్మి మళ్లీ ఎర్రగా పడింది.

రామచంద్రం చెప్పు అంచుతో దాని మీదికి ఇంత మన్ను నెట్టాడు. ఇది పిల్లి చేసే పని కదా అని తనకే తోచి, అటూ ఇటూ చూశాడు. సాంచెల షెడ్డు వెనకగోడ దగ్గర ఎవరూ లేరు. లోపల బట్ట నేసే పద్దెనిమిది కరెంటు సాంచెలు దడదడలాడుతున్నాయి. మనిషి దగ్గినా ఏడ్చినా పక్కవాడికి వినపడని చోటు సిరిసిల్ల మొత్తంలో అదొక్కటే. ఆ మేరకు అదృష్టమే.

ఎర్రగా పడటం మొదలై ఇరవై రోజులు. గుండెల్లో మంట అంతకు ముందు నుంచే ఉంది. పడుకుంటే గొంతుదాకా పుల్లగా ఎగదన్నేది, దాని వెంట దగ్గు. పంచె కట్టు రెండు వేళ్లు వదులైంది. ఇన్ని గుర్తులు ఒకచోట చేరితే ఆ రోగం పేరేమిటో ఈ ఊళ్లో బడికి పోని పిల్లలు కూడా చెబుతారు. పోయినేడు ఐదో నంబరు సాంచె నడిపే సాంబయ్యకు టీబీ అని తెలిసిన సాయంత్రమే, సేటు అతని తువ్వాలను గుమాస్తా చేత కట్టె కొసన పట్టించి బయటికి పంపాడు. సాంబయ్య వచ్చి తీసుకునేదాకా అది గేటు మీద వేలాడుతూనే ఉంది.

రామచంద్రం లోపలికి వచ్చేసరికి, పడుగులో అటూ ఇటూ పరుగెత్తే కట్టె నాడెలో నూలు కండె అయిపోవచ్చింది. సాంచె ఆపి, నాడె తీసి, ఖాళీ కండె ఊడదీసి, బట్టకు అడ్డంగా నేసే ఎర్ర పేక నూలు చుట్టిన కొత్త కండె ఎక్కించాడు. నాడె పక్కన చిన్న బెజ్జం ఉంటుంది. దారపు కొసను లోపలి నుంచి దాని దగ్గరికి తెచ్చి, పైన నోరు ఆనించి ఒక్క పీల్పు పీలిస్తే దారం బయటికి వస్తుంది. ఏ సాంచె మీదైనా అంతే. ముద్దు పెట్టినంత సేపట్లో అయ్యే పనికి తీగ ముక్క వెతుక్కునే తీరిక ఎవరికుంది? పగలు రామచంద్రం పీల్చిన నాడెనే రాత్రి పాళీలో బుచ్చిరాములు పీలుస్తాడు. రామచంద్రానికి నిద్ర పట్టనిది అక్కడే. చెబితే సాంచె పోతుంది. చెప్పకపోతే బుచ్చిరాములు పోతాడు. వాడికి ఇరవై ఆరేళ్లు. ఇద్దరు పిల్లలు.

"రామచంద్రం భాయ్! గరమ్ గరమ్ ఉన్నయి."

జబ్బార్ మిర్చి బజ్జీల పళ్లెంతో సాంచెల సందులోంచి పక్కవాటుగా నడిచి వచ్చాడు. అన్నానికని ఇంటికి పోయి అరగంట పోగొట్టుకోవడమెందుకని సేటే జబ్బార్‌ను షెడ్డులోకి రానిచ్చాడు. పన్నెండు గంటల పాళీ. సాంచె నడుస్తూనే ఉండాలి, మనిషి తింటూనే నడపాలి. ఇది సేటు దయ అని మొదట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా.

"నాలుగు పెట్టు."

"పొద్దుగాల నాలుగు తింటివి గదా."

"అయితే ఆరు పెట్టు."

"జర నూనె కారుతున్నది. బట్ట మీద పడనియ్యకు, నన్ను గేటు అవతలకు తోల్తరు," అని జబ్బార్ కాగితంలో ఆరు మిర్చీలు పెట్టి ఇచ్చాడు.

ఎడమ చెయ్యి సాంచె పిడి మీద, కుడి చేతిలో మిర్చి. కళ్లు నాడె మీద. మొదటి మిర్చి లోపలికి దిగగానే ఛాతీ నడిమి ఎముక కింద అగ్గిపుల్ల గీసినట్టయింది. రామచంద్రం దాన్ని రెండో మిర్చితో అదిమాడు. పోయే ప్రాణం ఎటూ పోతుంది, నాలుకకైనా రుచి దక్కనీ అని అతని లెక్క. మీద వేడి చాయ్ పోశాడు.

సాయంత్రం ఏడింటికి పాళీ మారే ముందు, రామచంద్రం జబ్బార్ పొయ్యి దగ్గర ఒక గిలాసెడు ఉడుకునీళ్లు అడిగి తెచ్చుకుని, గోడచాటున నాడె మీద పోసి, కండువా కొసతో బెజ్జం చుట్టూ నాలుగుసార్లు తుడిచాడు. బుచ్చిరాములు వచ్చాడు.

"ఎట్ల నడిచిందన్నా?"

"నడిచింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తన మనసులో దొంగ ఉన్నాడు కనుక తను చూడలేదని రామచంద్రం అనుకున్నాడు. వాడెందుకు చూడలేదో ఆలోచించలేదు.

ఇంట్లో బాలలక్ష్మి రాట్నం ముందు కూచుని కండెలు చుడుతోంది. అతన్ని చూసి చక్రం ఆపింది.

"బువ్వ పెట్టాల్నా, ఇయ్యాల గూడ బయటనేనా?"

"తినొచ్చిన."

"ఏం తిన్నవ్?"

"మిర్చి."

"జబ్బార్ భాయ్ పెండ్లాం బిల్కీస్ రోజూ బోరింగు కాడ కలుస్తది. వాళ్లింట్ల రెండు పూటలు జొన్నరొట్టె, పాలకూర పప్పేనట. ఆయన చేసిన మిర్చి ఆయనింటి పిల్లి గూడ ముట్టదట. ఊరోళ్లు మాత్రం అన్నప్రాశన నుంచి అదే తిన్నట్టు తింటుండ్రని నవ్వుతది."

రామచంద్రం తన చెంబు తీసుకుని వాకిట్లోకి పోయాడు. నీళ్లు తాగాడు. గొంతుక్కూచుని, బూడిదతో ఆ చెంబును తనే తోమడం మొదలుపెట్టాడు. ఇంట్లో తినక తప్పనప్పుడు మోదుగాకు విస్తరి వేయించుకుని, తిన్నాక అవతల పారేస్తున్నాడు. వాకిట్లో నులకమంచం మీద ఒక్కడే పడుకుంటున్నాడు.

బాలలక్ష్మి గడపలోకి వచ్చి నిలబడింది. "పెండ్లయి ఎనిమిదేండ్లాయె. చెంబుకు అడుగు ఉంటదని నీకు ఇప్పుడెవరు చెప్పిన్రు?"

"ఊకోరాదూ."

నాలుగేళ్ల నర్మద పరుగున వచ్చి అతని ఒళ్లోకి ఎక్కబోయింది. అతను మోచేత్తో ఆపాడు. "చెమటున్నది బిడ్డా. పో, అమ్మ దగ్గరకు పో." పిల్ల పోలేదు. అతని అంగీ కొస పట్టుకుని, ఈ చెమట ఎప్పుడు ఆరుతుందా అన్నట్టు పక్కనే నిలుచుంది.

మర్నాడు మధ్యాహ్నం నడుస్తున్న సాంచె ఒక్కసారిగా కొట్టుకుని ఆగింది. నాడె తన దారిలో సగం దూరం పోయి బిగుసుకుంది. ఏ సాంచె ఆగినా చెవితోనే పట్టే గుమాస్తా లచ్చయ్య అప్పటికే ఎదురుగా ఉన్నాడు. నాడెను చేతిలోకి తీసుకుని గోటితో గీకాడు.

"ఇదేందిది? నాడె నానబెట్టిన శనగ లెక్క ఉబ్బింది. నీళ్లల్ల వేస్తుండ్రా దీన్ని?"

"చెమటేమో."

"నీ చెమటకు బావి తవ్వించినట్టున్నది. నువ్వా, ఆ బుచ్చిరాములా? చెప్పున్రి. సేటును అడుగుమంటరా?"

"నేనే. నూనె మరకైతే కడిగిన," అన్నాడు రామచంద్రం. అబద్ధం నోట్లోంచి వస్తుండగానే మంట దానికి ఎదురుపోయింది.

లచ్చయ్య గరుకు కాగితం పారేసి పోయాడు. రామచంద్రం కింద కూచుని నాడెను రుద్దుతూ, రోజుకు ఒక్కసారి కడిగితేనే కట్టె ఇంత ఉబ్బుతుందా అని ఆశ్చర్యపోయాడు. తర్వాత జబ్బార్ వచ్చాడు. ఆ రోజు ఎనిమిది తిన్నాడు.

బుధవారం సాయంత్రం అతను ఇంటికి వచ్చి చెంబు అందుకోబోతే, బాలలక్ష్మి దాన్ని వెనక్కు పెట్టుకుంది.

"ఎవరామె?"

"ఎవరు?"

"చెంబు తోముడు నేర్పినామె. మంచిదే, పనిమంతురాలే. పేరు చెప్పు, నేను గూడ జర నేర్చుకుంట."

రామచంద్రానికి నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. అది సగంలోనే దగ్గుగా మారి, అతన్ని వాకిట్లోకి, మురికినీళ్ల మోరీ దగ్గరికి ఉరికించింది. ఇంకా పొద్దు వెలుతురు ఉంది. అతను కాలితో కప్పేలోపల ఆమె వచ్చి చూసింది.

"ఎన్ని దినాల సంది?"

"ఇరవై."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేస్తవ్? సాంబయ్య తువ్వాల చూడలేదా నువ్వు?"

ఆమె గడప మీద కూచుంది. చేతులు ఒళ్లో ఉన్నాయి గాని, కుడి చెయ్యి లేని రాట్నం పిడిని తిప్పుతున్నట్టు కొద్దిగా కదులుతోంది. కొంచెంసేపటికి లేచి, అతని చెంబు నిండా నీళ్లు ముంచి, ఎత్తి గటగటా తాగడం మొదలుపెట్టింది.

"ఏయ్! పిచ్చా నీకు? దించు!" రామచంద్రం చెంబు గుంజుకోబోయాడు. ఆమె చివరి గుక్కదాకా తాగి, మూతి తుడుచుకుంది.

"అయిపోయింది. ఇగ నాకు దూరంగ పండుకునే పని లేదు. రేపు అమాస, సాంచెలు బందుంటయి. తొలి బస్సుకు కరీంనగర్ పెద్ద దవాఖానకు పోదాం."

"అమాస నాడు ప్రయాణమా?"

"ఈ రోగం తిథి చూసుకొని వచ్చిందా?"

"సేటుకు తెలుస్తది."

"కరీంనగర్ దవాఖానల సేటు బామ్మర్దులు ఎవ్వరు లేరు. పండుకో."

నర్మదను పక్కింటి కనకవ్వ దగ్గర దింపి, పొద్దున్నే బస్సెక్కారు. దారి పొడుగునా రామచంద్రం కిటికీ వైపు తిరిగి, కండువా నోటికి అడ్డం పెట్టుకునే కూచున్నాడు. కరీంనగర్‌లో దిగగానే ఎదురుగా ఒక బండి మీద నూనె చిటపటలాడుతోంది. అతని కాళ్లు వాటంతట అవే అటు తిరిగాయి.

"రెండంటే రెండే..."

"ముందు ఫొటో. ఎముకల సందున మిర్చి కనబడితే దవాఖానోళ్లు దడుసుకుంటరు," అని బాలలక్ష్మి అతని రెక్క పట్టుకుంది.

ఛాతీ ఫొటో తీశారు. ఊపిరి పట్టమంటే ఎక్కువసేపే పట్టాడు, ఎంత గట్టిగా పడితే అంత మంచి మాట చెబుతారేమోనని. సీసాలో ఉమ్మి ఇచ్చాడు. ఆ తర్వాత ఒంటిగంట దాకా వరండాలో గోడకు ఆనుకుని కూచున్నారు. ఆ గోడకు తలలు ఆనీ ఆనీ మనిషి ఎత్తులో ఒక నల్లటి చార ఏర్పడింది. రామచంద్రం దాన్ని చూసి తల ముందుకు జరుపుకున్నాడు.

పేరు పిలిచారు. డాక్టరు ఆంధ్ర వైపు మనిషి. ఫొటోను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. రామచంద్రం ఫొటో వైపు చూశాడు. బాలలక్ష్మి ఫొటో వైపు చూడలేదు, డాక్టరు మొహమే చూసింది.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. కఫంలో క్రిములు లేవు. టీబీ లేదయ్యా నీకు."

రామచంద్రం కదలలేదు. "జర మంచిగ చూడున్రి సార్."

"చూశాను."

"ఇంకొకరి ఫొటో కావచ్చు."

డాక్టరు అద్దాల మీదుగా చూశాడు. "ఉండాలని ఉందా ఏమిటి?"

"ఉమ్మి ఎర్రగ పడుతది సార్. ఇరవై దినాల సంది."

డాక్టరు ఒక పుల్లకు దూది చుట్టి, అతని నోరు తెరిపించి, కింది పళ్ల వెనక గట్టిగా రుద్దాడు. దూది గులాబీ రంగుకు తిరిగింది. దాన్ని గాజు గ్లాసు నీళ్లలో ముంచితే సన్నటి ఎర్రటి పోగులా రంగు దిగింది. 

"ఇది రక్తం కాదు. కిళ్లీ వేస్తావా?"

"లేదు సార్."

"ఏం పని చేస్తావు?"

"సాంచె నడుపుత. సిరిసిల్లల."

"ఏం నేస్తున్నావు?"

"చీరెలు సార్. ఎర్ర పేక..."

మాట అక్కడే ఆగింది. తన నోటి నుంచి వచ్చిన మాటను తనే విని, రామచంద్రం చెయ్యి మెల్లగా పెదవుల మీదికి పోయింది. బాలలక్ష్మి అతని వైపు తిరిగింది.

"ఎర్ర నూలు ఎప్పుడు పెట్టిన్రు?"

"...ఇరవై దినాలాయె."

ఆమెకు అనవలసింది చాలా ఉంది కనుక డాక్టరు ముందు మొదలుపెట్టదలుచుకోలేదు. నాడె నోటితో పీల్చే సంగతి రామచంద్రం నేల చూస్తూ చెప్పాడు. ఆ పని ఇక చెయ్యవద్దని, రంగు ఒకటే కాదు, నిజంగా టీబీ ఉన్నవాడు అదే నాడె పీలిస్తే ఏమవుతుందో ఆలోచించమని డాక్టరు కోప్పడ్డాడు. ఆ తర్వాత అతన్ని బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీ ఎముక కింద రెండు వేళ్లతో నొక్కాడు. రామచంద్రం "అవ్వా!" అని లేచి కూచున్నాడు.

"ఇది మాత్రం నిజం జబ్బే. ఏం తింటావు?"

"మిర్చి."

"కూరలోనా?"

"కూర లేదు సార్. మిర్చే."

"పూటకెన్ని?"

"పూటలు లేవు సార్," అంది బాలలక్ష్మి. "పొయ్యి మీదికెల్లి ఎన్నిసార్లు దిగితే అన్నిసార్లు."

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఉత్త కడుపు. అందులో మరిగి మరిగి నల్లబడిన నూనెలో వేగిన మిరపకాయ, శనగపిండి. మీద టీ. ఆ మంట గొంతులోకి తన్ని దగ్గు తెస్తోంది. అన్నం మానేసి చిక్కిపోతున్నావు. కడుపు లోపల పూసింది, ఇంకా పుండు పడలేదు. ఇలాగే ఒక ఏడాది తిను, అప్పుడు పడుతుంది నిజం రక్తం. అప్పుడిలా నవ్వుతూ ఇంటికి పంపలేను." అతను నవ్వడం లేదు గాని, ఆ మాట నమ్మకంగానే చెప్పాడు. "మెత్తటి అన్నం, మజ్జిగ, పప్పు. వేళకు. నూనెలో వేగింది ఏదీ వద్దు."

"సాంచె ఆగది సార్. యాళ్లకు తినుడెట్ల?"

"సాంచె ఆగకపోతే నువ్వు ఆగుతావు."

దవాఖాన మెట్ల మీద రామచంద్రం కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. బాలలక్ష్మి నాలుగు అరటిపండ్లు కొనుక్కొచ్చి, ఒకటి ఒలిచి చేతిలో పెట్టింది. అప్పుడు మొదలుపెట్టింది.

"పోయిన సంతల నేను చీరె కొనబోతే, కొంగుకు తడివేలు రాసి, ఇది రంగు దిగుతది, ఈడ పెట్టు అన్న మొగోడివి నువ్వే గదా? పదిమందిల దుకాణపోని ఇజ్జత్ తీస్తివి. నీ నోట్ల దిగిన రంగు గుర్తుపట్టలేవా? పుట్టంగనే దారం చూసిన మనిషివి! ఇరవై దినాలు పిల్లను ఒళ్లెకు రానియ్యకపోతివి. వాకిట్ల మంచమేసుకొని ముసలోని లెక్క..." కొంగుతో మొహం మొత్తం ఒకేసారి తుడుచుకుని, "ఇంకోటి తిను," అంది.

ఆ సాయంత్రం నర్మద కనకవ్వ ఇంటి నుంచి నడిచి రాలేదు. బాపు భుజం మీద కూచుని, అతని చెవులు రెండూ పట్టుకుని వచ్చింది.

శుక్రవారం పదింటికి జబ్బార్ వస్తే రామచంద్రం చెయ్యి అడ్డం ఊపాడు.

"ఏం భాయ్, నా మిర్చి మీద గుస్సానా?"

"నీ మిర్చికే నా మీద గుస్సా."

తెచ్చుకున్న సీసాలో చల్ల ఇంత తాగాడు. మధ్యాహ్నానికి అదీ అయిపోయింది. కడుపు ఖాళీగా కాలుతోంది గాని, కిందటి రోజుల మంట కాదు, మామూలు ఆకలి. నాడెకు తీగ కొక్కెం చేసుకున్నాడు. పొద్దున కండె మార్చడానికి రెట్టింపు సేపు పట్టింది, సాయంత్రానికి చెయ్యి కుదిరింది.

ఏడింటికి బుచ్చిరాములు వచ్చి కండెల గంప దగ్గర వంగాడు. రామచంద్రం అతన్ని మోచెయ్యి పట్టి గోడవారకు తీసుకుపోయాడు. రోగం లేదని తేలాక చెప్పకపోయినా జరుగుతుంది. కాని నాడె ఇద్దరిదీ.

"రాములూ, ఒక మాట చెప్పాలె. తిట్టేది ఉంటే తిట్టు. ఇరవై దినాల సంది నాకు టీబీ అనుకున్న. గుండెల మంట, ఒక్కటే దగ్గు. నీకు చెప్పలే. సాంచె పోతదని భయపడ్డ. రోజు పాళీ దిగంగనే నాడెను ఉడుకునీళ్లతోని కడిగి నీకిచ్చిన. నిన్న కరీంనగర్‌ల ఫొటో తీసిన్రు. ఏం లేదన్నడు డాక్టరు. ఇదంత మిర్చి మంటేనట."

ఎర్ర రంగు సంగతి చెప్పలేదు. నేతగాడై పుట్టి ఆ మాట ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

బుచ్చిరాములు గంపలో చెయ్యి అట్లాగే ఉంచి విన్నాడు. "డాక్టరు ఏమన్నడో మల్లొక్కసారి చెప్పన్నా."

రామచంద్రం మళ్లీ చెప్పాడు.

"మరి ఎర్రగ పడేది?"

"అది పేక రంగు. నాడె పీలుస్తుంటే..." రామచంద్రం ఆగాడు. "ఎర్రగ పడుతదని నేను చెప్పలేదు గదా. నీకెట్ల తెలుసు?"

బుచ్చిరాములు చేతిలోని కండెను మళ్లీ గంపలో పెట్టాడు.

"రాములూ!"

"పొద్దుగాల పాళీ దిగేటప్పుడు నేను గూడ కడుగుతున్నన్నా నాడెను," అన్నాడు బుచ్చిరాములు. "నీకు అంటుకుంటదని."

పద్దెనిమిది సాంచెల మోతలో ఆ మాట వినిపించడానికి అతను అరవవలసింది. అరవలేదు. రామచంద్రానికి వినిపించింది.

"నా పెండ్లాం సత్తమ్మను, పోరగాండ్లను వేములవాడల తల్లిగారింటికి తోలిన. పది దినాలాయె. కారణం చెప్తే పోదు గదా. అందుకే కొట్లాడిన. ఉప్పెక్కువైందని తిట్టి తోలిన. వండేది లేదాయె, మూడు పూటలు జబ్బార్ బండి కాడనే తింటున్న." అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నిజంగనే రంగానా?"

రామచంద్రం వేలు నోట్లో తడిపి, గంపలోని ఎర్ర కండె మీద రుద్ది, చూపించాడు. బుచ్చిరాములు ఆ వేలు పట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాడు. తన వేలు కూడా తడిపి రుద్దాడు. అదీ ఎర్రగా అయింది. రెండు వేళ్లూ పక్కపక్కన పెట్టుకుని ఇద్దరూ నిలబడ్డారు.

"వేములవాడ బస్సు ఇంకా పోలే. పో," అన్నాడు రామచంద్రం.

"సాంచె?"

"నువ్వొచ్చేదాక నేనుంట. వచ్చినంక నువ్వు గూడ ఫొటో తీయించుకోవాలె, చెప్తున్న. ముందైతే సత్తమ్మను తీసుకరా."

"వస్తదా?"

"తిట్టుకుంట వస్తది. పో!"

బుచ్చిరాములు గేటుదాకా నడిచాడు. అక్కడి నుంచి ఉరికాడు.

రామచంద్రం ఇంటికి రాకపోయేసరికి, ఎనిమిది కాకముందే బాలలక్ష్మి సత్తుగిన్నె మీద మూతకు గుడ్డ కట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఆడవాళ్లు కండెల గంప దించడానికి తప్ప లోపలికి రారు. ఆమె నేరుగా సాంచె దగ్గరికి వచ్చి నిలబడింది. అతను ఆమె చెవిలో నాలుగు మాటలు చెప్పాడు. ఆమె గేటు వైపు చూసింది, మళ్లీ అతన్ని చూసింది.

"మంచి పనే చేసినవ్. కడుపు సంగతి?"

"సాంచె నడుస్తున్నది గదా."

ఆమె గుడ్డ ముడి విప్పింది. జొన్నరవ్వతో మెత్తగా వండిన గట్క ఆవిరి లేచింది. రామచంద్రం గట్కను చూశాడు, పిడి మీద ఉన్న తన చేతిని చూశాడు. కండె అయిపోలేదు, దారం తెగలేదు. పిడి గుంజాడు. సాంచె ఆగింది.

నూలు మూట మీద కూచుని గిన్నె ఒళ్లో పెట్టుకున్నాడు. ఉప్పు తక్కువ, కారం అసలే లేదు. ఆమె మీద చల్ల పోసింది. అతను వేళ్లతో కలిపి, పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

లచ్చయ్య పరుగున వచ్చాడు. "ఎందుకాగింది? తెగిందా? నాడె మల్ల ఉబ్బిందా?"

రామచంద్రం నోరు నిండుగా ఉంది.

"ఏం తెగలే లచ్చన్నా," అంది బాలలక్ష్మి. "మనిషి తింటుండు."

లచ్చయ్య నోరు తెరిచాడు. ఇన్నేళ్ల గుమాస్తాగిరీలో ఈ కారణం అతను వినలేదు, దీనికి ఏ తిట్టు సరిపోతుందో తోచలేదు. ఆగిన సాంచెను చూశాడు, గిన్నెను చూశాడు. అతని కుడి చెయ్యి ఛాతీ ఎముక కింద ఒకచోటికి పోయి, అలవాటైన దారిలో పైకీ కిందికీ రుద్దుకుంది.

"గట్కనా?"

"గట్క, చల్ల."

లచ్చయ్య గేటు వైపు ఒకసారి తిరిగి చూశాడు. గొంతు తగ్గించాడు. "చల్ల పుల్లగున్నదా?"

"తియ్యటిదే. దోసిలి పట్టు."